మా వంశంలో మగవాళ్లు నిలవరా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ వైపు ఒక పల్లె. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. ఈ వానాకాలం మొదట్లో మా అన్న పొలం దగ్గర మోటారు స్టార్టర్ డబ్బా ముట్టుకుని కరెంటు షాక్‌తో చనిపోయాడు. ముప్పై రెండేళ్లు. సాయంత్రం బత్తాయి తోటకు మోటారు పెట్టి వచ్చాడు, రాత్రంతా వాన కురిసింది, తెల్లవారుజామున బంద్ చేసి రమ్మని అమ్మ లేపి పంపింది. అన్నకు ఆరేళ్ల బాబు, మూడేళ్ల పాప. మా తాత 1972 కరువులో బావి లోతు తీస్తుంటే దరి కూలి చనిపోయాడట. మా నాయిన 2003లో రాత్రి కరెంటు వచ్చిందని మోటారు పెట్టబోయి పాముకాటుతో పోయాడు. ముగ్గురూ నలభై దాటలేదు. "ఈ ఇంట్ల మొగోళ్లు నిలువరు" అంటోంది అమ్మ. నాగదోషం ఉందని, డెబ్బై వేలు పెట్టి శాంతి చేయించాలని ఎవరో ఆమెకు చెప్పారు. అన్న పెళ్లికి ముందు రాయించిన నామినీ కాబట్టి రైతు బీమా ఐదు లక్షలు అమ్మ ఖాతాలోనే పడ్డాయి. వదిన అడుగుపెట్టిన వేళ మంచిది కాదని ఊళ్లో కొందరు అంటుంటే, ఆమె పిల్లలతో పుట్టింటికి వెళ్లిపోతానంటోంది. షెడ్డు లోపలి వైరింగుతో తమకు సంబంధం లేదని కరెంటు వాళ్లు చెప్పేశారు. మా కుటుంబ చరిత్రను బాబు కోసం రాసిపెట్టాలని నాకు ఉంది. కానీ మూడు చావుల కథను పసివాడి చేతిలో పెడితే వాడిని జీవితాంతం భయపెట్టినట్లవుతుందేమో. రాయమంటారా?
— ఒక చెల్లెలు

సమాధానం: తప్పకుండా రాయండి. అయితే మూడు చావుల కథగా రాయవద్దు. ఒక చిన్న మెట్ట చెలకకు నీళ్లు పెట్టుకోవడానికి మీ ఇంటివాళ్లు డెబ్బై ఎనభై ఏళ్లుగా పడుతున్న పాట్ల చరిత్రగా రాయండి. మీ ఉత్తరాన్ని నేను ఎన్నిసార్లు చదివినా ముగ్గురి చావులకూ కారణం ఆ పాట్లలోనే కనిపించింది తప్ప, మీ రక్తంలోనో గోత్రంలోనో కనిపించలేదు.

ఒక వంశంలో చావులు వరుసగా జరిగినప్పుడు అనుమానం రావడం సహజమే, దాన్ని నేను తీసిపారేయడం లేదు. మీ తాతగారు, నాయినగారు, అన్నగారు ముగ్గురూ నిద్రలోనో, నడుస్తూ నడుస్తూ కుప్పకూలో పోయి ఉంటే, పిల్లలిద్దరినీ వెంటనే గుండె డాక్టరుకు చూపించమని మొదటి వాక్యంలోనే రాసి ఉండేవాణ్ని, ఎందుకంటే తండ్రి నుంచి బిడ్డకు వచ్చే గుండె జబ్బులు ఉన్నాయి. మీ ఇంట్లో జరిగినవి అటువంటి చావులు కావు. ఒకరి మీద మట్టి పడింది, ఒకరిని పాము కరిచింది, ఒకరికి కరెంటు తగిలింది. మూడు చోట్లా మనిషి ఆరోగ్యంగానే ఉన్నాడు, పని చేస్తూనే ఉన్నాడు, ఆ పని నీళ్ల పనే అయింది.

దేవరకొండ ప్రాంతపు పరిస్థితి మీకు నేను చెప్పనక్కరలేదు గాని, బాబు కోసం రాసేటప్పుడు దాన్ని ముందు రాయాలి. కృష్ణానది అక్కడికి పెద్ద దూరమేమీ కాదు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపు వరి మడులు పచ్చబడ్డాయి. మీ చెలకలు ఎత్తు మీద ఉండడంతో కాలువ నీళ్లు అక్కడికి ఎక్కలేదు. కాలువ కింది రైతు తూము ఎత్తి నీళ్లు పెట్టుకున్న రోజుల్లో మీ తాతగారు తన నీళ్లను తానే భూమిలోంచి తవ్వి తీసుకోవలసి వచ్చింది. 1972 కరువులో మోట బావి అడుగంటితే రైతు ముందున్న దారులు రెండే: ఊరు విడిచి కూలికి పోవడం, లేదా బావిని ఇంకా లోతుకు తీయడం. ఆయన రెండోది ఎంచుకున్నారు. రాతి కట్టు లేని బావిలో పై భాగం మట్టి, కింద మొరం, ఆ కింద రాయి ఉంటాయి. కింద రాయి పగలగొడుతున్నప్పుడు ఆ అదురుకు పై దరి విరిగి పడుతుంది. ఆ పని చేసిన వాళ్లందరికీ ఆ ప్రమాదం తెలుసు, తెలిసీ దిగారు, ఎందుకంటే పైన పశువులు, పిల్లలు దాహంతో ఉన్నారు.

మీ నాయినగారి కాలానికి బావులు ఎండి బోర్లు వచ్చాయి. వ్యవసాయ కరెంటు వంతుల వారీగా, అందులో ఒక వంతు రాత్రిపూట వచ్చే రోజులవి. కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడు రైతు లేచి, చెప్పులు కూడా లేకుండా గట్ల వెంట నడిచి మోటారు పెట్టేవాడు. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చినా రాత్రి వంతులు పోలేదు, తెలంగాణలో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల సరఫరా 2018 జనవరి 1న మొదలైంది. ఆ రాత్రి నడకల్లో పాములు ఎంతమందిని కరిచాయో ఊరూరా చెబుతారు. 2000 నుంచి 2019 వరకు భారతదేశంలో పాముకాటు చావులను అంచనా వేసిన ఒక పెద్ద అధ్యయనం ఏడాదికి సగటున 58 వేల మంది చనిపోయారని తేల్చింది. వాటిలో అత్యధికం పల్లెల్లోనే, సగం దాకా వానాకాలంలోనే జరిగాయి. ఎక్కువ మంది చనిపోయిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ వేల ఇళ్లన్నింటికీ నాగదోషం ఉందని ఎవరూ అనలేరు కదా! కాటు పడిన మనిషిని మంత్రగాడి దగ్గర ఆపకుండా విషానికి విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి చేర్చగలిగితే బతికే అవకాశం చాలా ఎక్కువ. 2003లో మీ నాయినగారిని ముందు ఎక్కడికి తీసుకెళ్లారో మీరు రాయలేదు. అమ్మను నెమ్మదిగా అడిగి, జరిగింది జరిగినట్లు రాయండి. ఆ ఒక్క వివరం రేపు బాబు స్నేహితుణ్ని పాము కరిచినా పనికి వస్తుంది.

ఇక మీ అన్నగారి సంగతి. స్టార్టర్ డబ్బా ఇనుముతో చేసినది. లోపల వైరు ఎక్కడైనా పొర ఊడి డబ్బా గోడకు తగిలినా, వాన నీరు లోపలికి దిగినా డబ్బా మొత్తానికి కరెంటు వస్తుంది. డబ్బాకు ఎర్తింగ్ సరిగా ఉంటే ఆ కరెంటులో చాలా భాగం తీగ గుండా భూమిలోకి పోతుంది, ఫ్యూజు పోతుంది, లేదా బ్రేకరు పడిపోతుంది. ఎర్తింగ్ లేకపోతే డబ్బా అలాగే కరెంటుతో ఉండిపోతుంది, చూడడానికి ఏ తేడా కనిపించదు. తడి నేల మీద తడి కాళ్లతో నిలబడి ముట్టుకున్న మనిషి శరీరమే ఆ ఎర్తింగ్ తీగ అవుతుంది. మన పల్లెల్లో ఎన్నో మోటార్ల దగ్గర ఎర్తింగ్ ఉండదు, లేదా ఎప్పుడో పాతిన పైపు తుప్పు పట్టి, చుట్టూ మట్టి ఎండిపోయి పేరుకు మాత్రమే ఉంటుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి లోపం ఎవరికీ తెలియదు. దేశం మొత్తం మీద ఏటా పదివేల మందికి పైగా కరెంటు షాక్‌తో చనిపోతున్నారని నేర గణాంకాల సంస్థ లెక్కలు చూపిస్తున్నాయి. మీ అన్నగారు అజాగ్రత్త మనిషి కాదు. రోజూ ముట్టుకునే డబ్బానే ఆ రోజూ ముట్టుకున్నారు.

మీ ఉత్తరంలో మీరు ఒక వాక్యం చివర చెప్పి దాటిపోయిన మాట ఒకటి ఉంది: అమ్మ లేపి పంపింది. మిగతా ఉత్తరం అంతా నాకు ఆ మాట చుట్టూనే తిరుగుతున్నట్లు అనిపించింది. కొడుకు చావు వంశ శాపం వల్ల జరిగిందంటే ఆ తల్లి గుండె మీద బరువు కొంత దిగుతుంది. శాపం కాదంటే, "నేను లేపకపోతే బతికేవాడు కదా" అన్న మాట ఒక్కటే ఆమెకు మిగులుతుంది. అందువల్ల ఆమెతో శాపం లేదని వాదించి గెలవాలని చూడవద్దు. "నువ్వు లేపకపోయినా ఆ పొద్దుటో, మరో పొద్దుటో అన్న ఆ డబ్బాను ముట్టుకునేవాడే అమ్మా, ఎర్తింగ్ లేక పోయాడు, నీ వల్ల కాదు" అని మీరే, మీ నోటితో, ఒకసారి కాదు పదిసార్లు చెప్పండి. వదిన గారు కూడా ఒక్కసారి ఆ మాట అనగలిగితే అంతకు మించిన ఓదార్పు ఉండదు, కానీ ఆమెను బలవంతపెట్టవద్దు, ఆమె గాయం కూడా పచ్చిదే. అమ్మ తిండి మానడం, రాత్రుళ్లు నిద్ర లేకుండా లేచి పొలం వైపు నడవడం, తానూ పోతే బాగుండుననడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సలహాదారులు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

శాంతి పూజ విషయం. అమ్మకు నమ్మకం ఉంటే నాగులచవితికి పుట్టలో పాలు పోసుకోనివ్వండి, గుడిలో అర్చన చేయించండి, దానికి అడ్డు చెప్పవద్దు. డెబ్బై వేల రూపాయల మాట మాత్రం వేరు. ఆ ఐదు లక్షలు తండ్రి లేని ఇద్దరు పసిపిల్లల తిండి, చదువు. నామినీ విషయంలో చట్టం పట్టుకుని అత్తాకోడళ్లు వకీళ్ల దగ్గరికి నడిచే పరిస్థితి రాకముందే మీరు మధ్యలో కూర్చోండి. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా చనిపోయిన మగవాడి సొంత ఆస్తిలో తల్లికి, భార్యకు, కొడుకుకు, కూతురికి సమాన భాగాలు వస్తాయి. మీ ఇంట్లో ఆ లెక్కన నలుగురు. బీమా డబ్బును కూడా అదే లెక్కన పంచుకుందామని అమ్మతో చెప్పి చూడండి. ఒక భాగం ఆమె వృద్ధాప్యానికి ఆమె దగ్గరే ఉంటుంది, ఒక భాగం వదిన గారికి, మిగిలిన రెండు భాగాలు పిల్లల పేరున. పాప పేరున సుకన్య సమృద్ధి ఖాతా పోస్టాఫీసులోనే తెరవవచ్చు, పదేళ్లు నిండకముందు తెరవాలి. బాబు పేరున తల్లి సంరక్షకురాలిగా ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయించండి. అమ్మను దోషిలా నిలబెట్టి కాకుండా, "నాయిన పోయినప్పుడు మనకు ఇట్లాంటి ఆసరా ఏదీ లేకపోయె, నువ్వు కూలికి పోయి మమ్మల్ని సాకినవు, ఈ పిల్లలకు ఆ కష్టం రావద్దు" అని అడిగితే ఆమె ఒప్పుకుంటుందనే నా నమ్మకం.

వదిన గారి మీద పడుతున్న నింద గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. మీ తాతగారు పోయినది 1972లో. అప్పటికి ఆమె పుట్టనే లేదు. ఎవరైనా ఆ మాట మీ ఎదుట అంటే ఈ ఒక్క సంవత్సరం చెప్పండి, గొంతు పెంచకుండా చెప్పండి. అమ్మ ఎదుట, నలుగురూ కూర్చున్నప్పుడు చెబితే ఇంకా మంచిది. ఆమె పుట్టింటికి వెళ్లడం తప్పు కాదు, కొన్నాళ్లు అక్కడ ఊపిరి తీసుకోవలసిన అవసరం ఆమెకు ఉండవచ్చు. కానీ వెళ్లే ముందు కాగితాలు ఆమె చేతిలో ఉండాలి: మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పోలీసు కేసు నకలు, శవపరీక్ష నివేదిక, పట్టాదారు పాసు పుస్తకం, బ్యాంకు పాసు పుస్తకం. ఇంకొక ముఖ్యమైన జాగ్రత్త ఉంది. చావింటికి అప్పులవాళ్లు వచ్చి, పాత ప్రాంసరీ నోటు తిరగరాయమని, వడ్డీ కలిపి భార్య పేరున కొత్త నోటు రాయమని అడుగుతారు. ఎంత దగ్గరివాళ్లయినా ఆమెను ఏ కాగితం మీదా సంతకం చేయనివ్వవద్దు. చనిపోయిన మనిషి అప్పుకు వారసులు బాధ్యులయ్యేది ఆయన వదిలివెళ్లిన ఆస్తి మేరకే. కొత్త నోటు మీద సంతకం పెడితే అది ఆమె సొంత అప్పు అవుతుంది, చెల్లిపోయిన కాలపరిమితి మళ్లీ మొదలవుతుంది.

బ్యాంకు పాసు పుస్తకాన్ని ఈ రోజే ముద్రింపజేసి, మే నెలాఖరు, జూన్ మొదటి వారం వరుసలను వేలు పెట్టి చదవండి. ఆ దగ్గర 20 రూపాయల కోత ఒకటి కనిపిస్తే మీ అన్నగారు ప్రధానమంత్రి సురక్షా బీమాలో ఉన్నట్లు, ప్రమాద మరణానికి రెండు లక్షలు రావాలి. 436 రూపాయల కోత కనిపిస్తే జీవన్ జ్యోతి బీమా, ఆ రెండు లక్షలు వేరు. ఖాతా తెరిచిన రోజు గుమస్తా చెప్పిన చోట సంతకం పెట్టి, ఆ తర్వాత మరిచిపోయిన వాళ్లు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. ప్రమాద బీమా దరఖాస్తు ముప్పై రోజుల్లో ఇవ్వాలన్నది నిబంధన. మీకు నాలుగు నెలలు గడిచాయి. అయినా దరఖాస్తు ఇచ్చి, ఆలస్యానికి కారణం రాసి, రసీదు తీసుకోండి. లేదంటే లేదని వాళ్లనే రాతపూర్వకంగా చెప్పమనండి, కౌంటరు దగ్గర నోటి మాటకు వెనుదిరగవద్దు.

కరెంటు వాళ్లు చెప్పిన మాటకూ ఇదే వర్తిస్తుంది. కరెంటు వల్ల మనిషి చనిపోతే దాని సమాచారం విద్యుత్ తనిఖీ అధికారికి అందాలని, ప్రభుత్వం విచారణ జరిపించవచ్చని 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షను చెబుతుంది. మీ ఊరి లైన్‌మన్‌గాని, సెక్షను ఆఫీసుగాని తేల్చే విషయం కాదు ఇది. లోపం మీ షెడ్డులోని వైరులో ఉందా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్, ఎర్తింగ్ ఊడిపోవడంలో ఉందా, లైను నుంచి వచ్చిందా అన్నది తనిఖీ అధికారి నివేదికలో ఉండాలి. ఆ నివేదిక నకలు కోసం వదిన గారి పేరున దరఖాస్తు పెట్టండి, ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. అదే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న పక్క రైతులకు ఆ రోజుల్లో డబ్బాలు ముట్టుకుంటే జిమ్ముమన్నాయా, మోటార్లు కాలాయా అన్నది వాళ్ల పేర్లతో, తేదీలతో రాయించి పెట్టుకోండి. తెగిపడిన తీగ తగిలి సైకిల్ మీద వెళ్తున్న ఒక కార్మికుడు చనిపోయిన మధ్యప్రదేశ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు, తప్పు తమది కాదని, మూడో మనిషి దొంగతనంగా లాగిన తీగ అని విద్యుత్ బోర్డు చేసిన వాదనను ఒప్పుకోలేదు. అంత ప్రమాదకరమైన వస్తువును సరఫరా చేసేవాళ్లే దాని హానికి బాధ్యులని చెప్పింది. మీది షెడ్డు లోపల జరిగిన ప్రమాదం కాబట్టి ఆ తీర్పు నేరుగా మీకు సరిపోతుందని నేను భరోసా ఇవ్వలేను, అంతా నివేదిక మీదే ఆధారపడి ఉంటుంది. లోపం సంస్థ వైపు ఉందని తేలితే పరిహారం అడగడానికి మరణించిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. వకీలుకు ఇవ్వడానికి డబ్బు లేదని ఆగవద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు. విద్యుత్ సరఫరా వివాదాలను శాశ్వత లోక్ అదాలత్ ముందు కోర్టు ఫీజు లేకుండా పెట్టవచ్చు.

ఇవి కాక, పేద కుటుంబంలో సంపాదించే మనిషి పోతే ఇచ్చే జాతీయ కుటుంబ ప్రయోజన పథకపు 20 వేలకు తహసీల్దారు కార్యాలయంలోను, వితంతు పింఛనుకు మండల కార్యాలయంలోను దరఖాస్తు పెట్టించండి. పిల్లల కోసం జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లమని ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే దీని సంగతి చాలామందికి తెలియదు. మిషన్ వాత్సల్య కింద తండ్రిని పోగొట్టుకుని తల్లి దగ్గర పెరుగుతున్న పిల్లలకు, పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72 వేలు మించకపోతే, ఒక్కొక్కరికి నెలకు 4,000 రూపాయల సహాయం అందే ఏర్పాటు ఉంది.

భూమి సంగతి మీరు అడగలేదు. అయినా చెప్పక తప్పదు. భూమి కాగితాలు ఎవరి పేరున ఉన్నా, మీ నాయినగారు 2003లో వీలునామా లేకుండా పోయి ఉంటే ఆ భూమిలో మీకూ హక్కు ఉంది. వారసత్వ భూమిలో ఆడపిల్లలకు భాగం ఇస్తూ ఉమ్మడి రాష్ట్రంలో 1985లోనే సవరణ వచ్చింది. మీ వాటా తీసుకోమనిగాని, వదులుకోమనిగాని నేను అనను, అది మీ కష్టసుఖాలను బట్టి మీరు తీసుకోవలసిన నిర్ణయం. ఏ నిర్ణయమైనా ఇప్పుడే చెప్పండి, రాతలో పెట్టండి. మేనల్లుడికి, మేనకోడలికి వదిలేయాలని ఉంటే రిజిస్టరు చేసిన హక్కు విడుదల పత్రం రాయండి. చెప్పకుండా మనసులో ఉంచుకున్న వాటా పదేళ్ల తర్వాత కోర్టు కేసుగా బయటికి వస్తుంది. మీ అన్నగారి పేరున ఉన్న భూమిని వారసుల పేరున మార్చడానికి రాష్ట్ర భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో దరఖాస్తు పెట్టాలి. పిల్లల వాటాను అమ్మాలంటే తల్లి అయినా కోర్టు అనుమతి తీసుకోవలసిందే కాబట్టి, అప్పుల పేరుతో ఎవరైనా తోటను చవకగా అడిగితే ఆ మాట ముందే చెప్పండి.

ఇప్పుడు బాబు. ఆరేళ్ల పిల్లవాడికి చావు అంటే తిరిగి రాకపోవడమని అప్పుడప్పుడే తెలుస్తూ ఉంటుంది. పాపకు ఇంకా తెలియదు. నాన్న ఊరికి వెళ్లాడని, దేవుడు ఇష్టపడి తీసుకుపోయాడని చెప్పవద్దు. ఊరికి వెళ్లినవాడు ఎందుకు రాడని వాడు ఎదురు చూస్తాడు, దేవుడు ఇష్టపడి తీసుకుపోతే రేపు అమ్మనూ తీసుకుపోతాడేమోనని భయపడతాడు. "నాన్న చనిపోయాడు. డబ్బాలో కరెంటు కారింది, అది ఆయనకు తగిలింది, డాక్టర్లు బతికించలేకపోయారు. నువ్వు ఏమీ చేయలేదు, అమ్మా నాయనమ్మా కూడా ఏమీ చేయలేదు" అని చిన్న మాటల్లో చెప్పండి. వాడు అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతాడు. ప్రతిసారీ అదే జవాబు ఇవ్వండి. మగవాళ్లు నిలవరన్న మాట మాత్రం వాడి చెవిన పడకూడదు. ఆ మాట వింటూ పెరిగిన మగపిల్లవాడు ముప్పై ఏళ్లు దగ్గరపడే కొద్దీ లోలోపల తన చావును తానే లెక్క పెట్టుకుంటూ బతుకుతాడు, చదువూ పెళ్లీ కూడా ఆ భయంతోనే చూస్తాడు. మీ చరిత్ర ముఖ్యంగా ఆ మాటకు జవాబు కావాలి.

దాన్ని ఎలా రాయాలంటే, ముందు అమ్మతో మొదలుపెట్టండి. ఫోనులో రికార్డు పెట్టి, ఆమె చేతికి చిక్కుడుకాయలో కందులో ఏవో ఇచ్చి, పని చేస్తూ మాట్లాడనివ్వండి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే పల్లెటూరి ఆడవాళ్లు తమ జీవితం గురించి ఏమీ లేదంటారు. చావుల గురించి మొదట అడగవద్దు, మొదటి బోరులో నీళ్లు పడిన రోజు ఎవరెవరు వచ్చారో అడగండి, బత్తాయి మొక్కలు ఎక్కడి నుంచి తెచ్చారో అడగండి. కాగితాలు కూడా మాట్లాడతాయి. ఏ సర్వే నంబరు ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డును పహాణీ అంటారు, తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ భూమి లెక్కలకు పునాది. తహసీల్దారు కార్యాలయంలో మీ సర్వే నంబరుకు నకలు తీసుకుంటే, అందులో మీ తాతగారి పేరో, ఆయన తండ్రి పేరో సాగుదారుగా కనిపించవచ్చు. తర్వాతి సంవత్సరాల పహాణీల్లో ఏ పంట వేశారో, నీటి ఆధారం ఏమిటో గళ్లుంటాయి. బావి ఎప్పుడు రాశారు, బోరు ఎప్పుడు వచ్చింది అన్నది ఆ గళ్లలో మీకు దొరికితే, అమ్మ చెప్పిన మాటల పక్కన పెట్టి చూడండి.

ముగ్గురు మగవాళ్లు ఎలా పోయారో రాసిన తర్వాత, వాళ్లు పోయాక ఇల్లు ఎలా నిలిచిందో అంతకు రెట్టింపు రాయండి. 1972 తర్వాత మీ నాయినమ్మ, 2003 తర్వాత మీ అమ్మ పిల్లలను పట్టుకుని అదే చెలక మీద నిలబడ్డారు, భూమిని అమ్ముకోకుండా మీ అన్నగారి చేతికి అందించారు, మిమ్మల్ని టీచరును చేశారు. మగవాళ్లు నిలవని ఇల్లని ఊరు అంటోంది గాని, ఆ ఇంటిని నిలబెట్టిన ఇద్దరు ఆడవాళ్ల పేర్లు పహాణీలో ఉండవు, మీరు రాయకపోతే ఇంకెక్కడా ఉండవు. మీ అన్నగారి గురించి రాసేటప్పుడు ఆ తెల్లవారుజాముకు ఒక పేరా చాలు. ఆయన ఏ పాటలు పాడేవారు, బాబును భుజాన ఎక్కించుకుని ఎక్కడికి తీసుకెళ్లేవారు, కోపం వస్తే ఎలా ఉండేవారు, ఎంత అప్పు ఉన్నా మీకు పండగకు చీర ఎలా పంపేవారు, ఇవన్నీ రాయండి. వదిన గారికి తెలిసిన మనిషి మీకు తెలిసిన అన్న ఒక్కరే కారు కాబట్టి ఆమె చేత కూడా కొన్ని పేజీలు రాయించండి. ఆమె పుట్టింట్లో ఉన్నా సరే, తీరిక చూసుకుని రాయమనండి. ఇప్పుడు వాడికి ఫోటోలు చూపించి కబుర్లుగా చెప్పండి, రాసిన పుస్తకం వాడు పదో తరగతి దాటాక ఇవ్వండి.

యాసంగి పనులు మొదలవుతున్నాయి. తోటకు నీళ్లు అవసరమవుతాయి, మీరు తోట కౌలుకు ఇస్తే ఆ మోటారును ముట్టుకునేది ఇంకొకరి బిడ్డ. అందువల్ల ఈ వారంలోనే లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, పాత స్టార్టరు తీయించి కొత్తది పెట్టించండి. ఎర్తింగ్ గుంత తీయించి, ఎనిమిది అడుగులకు తగ్గని జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు పాతించి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేయించి, డబ్బాకూ మోటారుకూ గట్టి తీగతో కలిపించండి. ఎండాకాలంలో ఆ గుంతలో నీళ్లు పోయాలని కౌలుదారుకు చెప్పండి. ముప్పై మిల్లీ ఆంపియర్లకే పడిపోయే లీకేజీ బ్రేకరు పెట్టిస్తే ఇంకా మంచిది. డబ్బా ముందు ఎండు చెక్క పలక వేయించి, కప్పు కారకుండా చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్తింగ్ సరిచేయమని 1912కు ఫోను చేసి, ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి. ఆ పని పూర్తయ్యి, ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూపించేదాకా ఎవరినీ ఆ మోటారు వేయనివ్వవద్దు.